పెద్ద మేస్త్రి మూసిన చక్రాలు

పెద్ద మేస్త్రి చదువు ఊరి బడిలో ఎనిమిదో తరగతితో ఆగింది. ఎనిమిది తరగతులకూ ఒకటే గది, ఒకరే పంతులు. అయినా ఆయన చేతిరాత ముత్యాల కోవలా ఉంటుంది. నోటిలెక్కలో ఈనాటికీ ఎవరికీ తీసిపోడు. ఇక బ్రేకుల సంగతంటారా, పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్ళు కూడా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

పద్నాలుగో ఏట పానా పట్టాడు. ఇరవయ్యో ఏట, లారీ ముందు చక్రం పక్కలకు తిరిగే కింగ్ పిన్ను ఒక్కడే ఊడగొట్టాడు. అంతకుముందు ఆ పనికి ముగ్గురు మనుషులు, ఒక పూట పట్టేది. ఒకసారి కొండదారిలో ఇరవై మంది ఉన్న వ్యానుకు వెనక చక్రం దగ్గర బ్రేకు గొట్టం చిట్లితే, ఆ గొట్టాన్ని మడిచి, కట్టింగ్ ప్లేయరుతో నొక్కేసి, మిగిలిన మూడు చక్రాల బ్రేకుతో అందర్నీ క్షేమంగా కిందికి దించాడు. ఆ ఇరవై మందిలో ఇద్దరు ఇప్పటికీ ఎదురైతే చెప్పు విడిచి నమస్కారం పెడతారు. తర్వాత సొంతంగా షెడ్డు వేశాడు. తనకంటే పదకొండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి నట్టు తిప్పడం దగ్గర్నుంచి నేర్పాడు. లోకం ఆయన్ను పెద్ద మేస్త్రి అనీ, తమ్ముణ్ణి చిన్న మేస్త్రి అనీ పిలిచింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పిలుపులు మారలేదు.

షెడ్డులో వాళ్ళకొక మాట ఉంది: మూయడం. బ్రేకు పని అంతా అయ్యాక చక్రం ఎక్కించి నట్లు బిగించడాన్ని మూయడం అంటారు. మూసిన తర్వాత పెద్ద మేస్త్రి స్వయంగా బండి తోలుకుని పెద్ద రోడ్డు దాకా వెళ్ళొచ్చి, దిగి, నాలుగు చక్రాల మీదా అరచెయ్యి పెట్టి చూసేవాడు, పసిపిల్లకు జ్వరం ఉందేమోనని నుదురు చూసినట్టు. నాలుగూ ఒకేలా ఉంటే తల ఊపేవాడు. ఆ తల ఊపు కోసం బండి ఆసామి ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాడు. అప్పుడు ఆయన ఒక మాట అనేవాడు. అది అనకుండా ఏ బండినీ పంపలేదు.

"తీసుకెళ్ళండి. నేను మూసిన చక్రం మళ్ళీ విప్పిన దాఖలా లేదు."

చిన్న కార్లకు ఒకప్పుడు వెనక చక్రాల్లో డ్రమ్ము బ్రేకులే ఉండేవి. తర్వాత వెనక కూడా డిస్కులు వచ్చాయి. డిస్కును రెండు వైపులా ప్యాడ్లతో పట్టుకునే కాలిపర్ అన్నది పిడికిలి లాంటిది. నొక్కితే మూసుకోవాలి, వదిలితే తెరుచుకోవాలి. అది రెండు పిన్నుల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. ఆ పిన్నులు వెన్నలో వేలు దిగినట్టు జారినంత కాలం పేచీ లేదు. బిగుసుకున్నాయా, పిడికిలి తెరుచుకోదు. కాలు తీసినా చక్రం పట్టుకునే ఉంటుంది, కాలుతుంది, మాడు వాసన కొడుతుంది, బండి వెనక ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు నడుస్తుంది.

అలాంటి కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో పెద్ద మేస్త్రి షెడ్డున్న వరసలోని షెడ్లన్నీ తిప్పలు పడ్డాయి. ప్యాడ్లు మార్చాలంటే పిస్టన్ను లోపలికి తొయ్యాలి. ముందు చక్రాల పిస్టన్ తోస్తే పోతుంది. వెనకది ఎంత తోసినా పోదు. ఒకడు బిగింపు పెట్టి నొక్కి రెండు కాలిపర్లు పగలగొట్టాడు. పెద్ద మేస్త్రి మాత్రం పిస్టన్ మొహాన్ని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

"దీని మొహం మీద ఈ రెండు గాట్లు ఎందుకున్నాయిరా? అందానికా? తొయ్యడం కాదు, తిప్పుతూ దింపాలి. మరలాగా. హ్యాండ్‌బ్రేకు దీని కడుపులోనే ఉంది," అన్నాడు.

ఏ పుస్తకమూ చూడకుండా చెప్పిన మాట అది. విరిగిన ఒక సాకెట్టుకు రెండు కొమ్ములు వెల్డింగు చేయించి, దానికి తగ్గ పనిముట్టు కూడా ఆయనే చేసుకున్నాడు. మిగిలిన షెడ్ల వాళ్ళు వచ్చి దాని కొలతలు రాసుకుని పోయారు.

ఆయన దగ్గర ఇంకొకటి ఉంది, పెద్దమందు. బేరింగుల గ్రీజులో నల్ల గ్రాఫైటు పొడి, ఇంత ఇంజన్ ఆయిలు వేసి, రేకు డబ్బాలో సన్నటి మంట మీద కరగబెట్టి, స్క్రూడ్రైవరుతో కలిపేవాడు. ఎంతెంత వెయ్యాలో తమ్ముడికి కూడా చెప్పలేదు. లారీల కాలం నుంచీ ఆ మందే. కమాను కట్టలకు అదే, కింగ్ పిన్నులకు అదే, తలుపు బందులకు అదే. డిస్కు బండ్లు వచ్చాక కాలిపర్ పిన్నులకు కూడా అదే పూశాడు.

పక్కనే సొట్టలు తీసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. పొద్దస్తమానం సుత్తితో కొడుతూనే ఉంటాడు, మిగిలిన సమయమంతా మాట్లాడుతూనే ఉంటాడు. అందుకని రెండు విధాలా ఆయనకు సుత్తి మేస్త్రి అనే పేరు స్థిరపడింది.

"మేస్త్రి గారూ, ఆ మందు కాస్త నా మోకాళ్ళకు పెట్టరాదూ?" అనేవాడు.

"నీ మోకాళ్ళకు పెడితే నువ్వు నడిచిపోతావు. నీ నోటికి పట్టు పడే మందు దొరికితే చెప్పు, అది చేస్తాను," అనేవాడు పెద్ద మేస్త్రి.

మెకానిక్కుల సంఘం వాళ్ళు ఒక ఏడాది ఆయన పేరు మైకులో చదివి, చట్రం కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. కొండదారిలో రోజూ ఎక్కి దిగే ఒక ట్యాక్సీ, ఆయన చేతి పని జరిగాక నాలుగేళ్ళు బ్రేకు పట్టేసిందన్న మాట లేకుండా నడిచిందని. ఆ పత్రం షెడ్డులో, గాలి కొట్టే యంత్రం పైన, ధూళి పడకుండా ప్లాస్టిక్ కాగితం తొడుక్కుని ఉంటుంది.

అరవై దాటాక ఒక మార్పు వచ్చింది. అంతవరకూ షెడ్డుకే క్యారియరు తెచ్చుకుని, తమ్ముడితో కలిసి తినేవాడు. భార్య ఒకరోజు పట్టుపట్టింది. "ఆ గ్రీజు వాసనలో తింటే ఒంటికేం పడుతుందండీ? రెండు వీధుల అవతలేగా ఇల్లు. వచ్చి వేడివేడిగా తిని, కాస్త నడుం వాల్చి వెళ్ళండి." పెద్ద మేస్త్రికి లోలోపల గర్వం కలిగింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా మొగుడి అన్నం సంగతి పట్టించుకునే పెళ్ళాం ఎంతమందికి ఉంటుంది? ఆ మాట షెడ్డులో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. అప్పటి నుంచి పన్నెండున్నరకు ఇల్లు, మూడింటికి షెడ్డు. ఆరేళ్ళుగా గడియారం తప్పినా ఆయన తప్పలేదు.

చిక్కంతా కూతురి కారుతో మొదలైంది.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. తెల్లవారుతూనే వెళ్ళాలి. భర్త ఉద్యోగం వేరే ఊళ్ళో కాబట్టి పుట్టింటికి దగ్గర్లోనే కాపురం. సెకండ్ హ్యాండులో ఒక చిన్న కారు కొనుక్కుంది. కొన్న నెలకే వెనక ఎడమ చక్రం పట్టుకోసాగింది.

"నా కూతురి బండి షెడ్డుకెందుకు? ఇంట్లోనే చేస్తాను," అన్నాడు పెద్ద మేస్త్రి. ఒక ఆదివారం ఇంటి ముందు రేకుల పంచలో జాకీ పెట్టి, పిన్నులు తీసి, కిరసనాయిలుతో కడిగి, పెద్దమందు నిండుగా పూసి, పిస్టన్ను తిప్పి సరిచేసి మూశాడు. అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మామూలు మాట అన్నాడు.

రెండు నెలలకు మళ్ళీ మాడు వాసన.

"హ్యాండ్‌బ్రేకు వేసుకుని తోలుతున్నావా ఏమే?" అన్నాడు కూతురితో.

"నాకు ఆ మాత్రం తెలీదా నాన్నా?"

"తెలిస్తే ఇలా ఎందుకవుతుంది? నేను మూసిన చక్రం..."

"మళ్ళీ విప్పిన దాఖలా లేదు. తెలుసు. ఇప్పుడు విప్పు."

విప్పాడు. కొసన రబ్బరు తొడుగు ఉన్న కింది పిన్ను రంధ్రంలో ఇరుక్కుపోయింది. మెలిపెట్టి లాగితే గానీ రాలేదు. మందు తక్కువైందనుకుని ఈసారి రెట్టింపు పెట్టాడు. మరో రెండు నెలలకు మూడోసారి. షెడ్డులో చేసిన బండ్లు వందకు పైగా, ఒక్కటీ తిరిగి రాలేదు. ఇంట్లో చేసిన ఒక్క బండి మాత్రం అలిగిన అల్లుడిలా మాటిమాటికీ గుమ్మంలోకి వస్తోంది. ఆయన రోడ్డును తిట్టాడు, వర్షాన్ని తిట్టాడు, ఆ కారును అంతకుముందు వాడినవాణ్ణి ఎవరో తెలియకుండానే తిట్టాడు. మూడోసారి విప్పి, ఇసక కాగితంతో పిన్నులను అద్దంలా రుద్ది, మందు పెట్టి మూశాడు.

ఆ తర్వాత రాలేదు. మూడు నెలలు, నాలుగు నెలలు. కూతురు వచ్చిన ప్రతిసారీ ఆయన చక్రం తాకి చూసేవాడు. చల్లన.

"చూశావా, మూడోసారికి లొంగింది!" అన్నాడు ఒకనాడు.

"నీ చెయ్యి పడితే లొంగక ఏం చేస్తుంది నాన్నా," అంది కూతురు నవ్వుతూ.

ఆ పూట ఆయన అన్నం రెండోసారి పెట్టించుకు తిన్నాడు.

ఆ దుకాణాల వరసలోనే ఒక టైలరు ఉన్నాడు. నెమ్మదైన మనిషి, మెడలో టేపు లేకుండా ఎవరికీ కనబడడు. ఆయన కారు వెనక బ్రేకు కూడా పెద్ద మేస్త్రి చేతి పనే. ఆ పని జరిగిన రోజు తన దుకాణానికి సున్నాలు వేస్తుంటే, పొద్దంతా షెడ్డులో బల్ల మీదే కూర్చున్నాడు. వారం పోయాక ఒక ఉదయం పలకరించిపోదామని వచ్చాడు.

"బండి గాల్లో పోతున్నట్టుందండీ మేస్త్రి గారూ. మీ షాపు పద్ధతి నాకు భలే నచ్చింది."

"ఏ పద్ధతండీ?"

"అదే, రెండు చేతుల పద్ధతి. పొద్దున మీరు మూస్తారు. మధ్యాహ్నం మీ తమ్ముడు గారు మళ్ళీ విప్పి, అంతా తుడిచేసి, ఇంకో గ్రీజు పెట్టి మూస్తారు. మా పనీ అంతేనండీ. ముందు చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటాం. అవి నిలిచే కుట్లు కాదు. మిషను కుట్టు పడ్డాక వాటిని లాగి పారేస్తాం."

పక్కన సుత్తి మేస్త్రి సుత్తి ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడం ఆ వరసలో వాళ్ళకు ఎరుకలో లేదు. ఎదురు దుకాణం వాడు కూడా తల బయట పెట్టి చూశాడు.

పెద్ద మేస్త్రి టైలరు వైపు చూసి నవ్వాడు. "అవునండీ, మా పద్ధతే అది," అన్నాడు. చిన్న మేస్త్రి అప్పుడు విడిభాగాల దుకాణానికి వెళ్ళి ఉన్నాడు. పెద్ద మేస్త్రి ఆ పూట పోస్టాఫీసులో పనిచేసే ఒక మేడమ్ కారు వెనక చక్రాలు రెండూ చేశాడు. ఎప్పటిలాగే పిన్నులు కడిగాడు, మందు పూశాడు, మూశాడు. అరచెయ్యి పెట్టి చూశాడు. తమ్ముడు వచ్చేసరికి చేతులు కడుక్కుంటున్నాడు. పన్నెండున్నరకు ఇంటికి బయల్దేరాడు.

ఇంట్లో రెండు ముద్దలు మింగాడు. "అదేంటండీ, అప్పుడే చెయ్యి కడిగేస్తారా?" అంది భార్య. ఆకలి లేదన్నాడు. "పోనీ, కాసేపు నడుం వాల్చండి." వాల్చాడు. ఆమె గిన్నెలు తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళిన చప్పుడు విని లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాడు. తన ఇంట్లోంచి తానే దొంగలా వెళ్ళడం ఆయనకు ఆ వయసులో మొదటిసారి.

షెడ్డులో పోస్టాఫీసు మేడమ్ కారు స్టాండు మీద ఉంది. చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టి ఉంది. చిన్న మేస్త్రి ముక్కాలిపీట మీద కూర్చుని పిన్నును గుడ్డతో తుడుస్తున్నాడు. గుడ్డ నిండా నల్లగా పెద్దమందు. మోకాలి దగ్గర, పళ్ళు తోముకునే పేస్టులా, తెల్లటి ట్యూబు ఒకటి.

"ఏం చేస్తున్నావురా?"

చిన్న మేస్త్రి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఏం లేదన్నయ్యా... ఏదో శబ్దం వస్తోందంటే..."

"నిలబడి ఉన్న బండికి శబ్దమేంట్రా?"

చిన్న మేస్త్రి తెల్ల ట్యూబు మూత బిగించాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు."

"డాక్టరమ్మ కారు?"

"విప్పాను."

"ఆ కవల పిల్లల తండ్రిది?"

"విప్పాను."

"ఆ కొండదారి ట్యాక్సీ?"

చిన్న మేస్త్రి గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూడబోయి, మధ్యలో చూపు తిప్పుకున్నాడు.

"చెప్పరా. నా పేరు మైకులో చదివించిన బండి."

"దాన్ని... ఏడాదికి రెండేసి సార్లన్నయ్యా. కొండదారి కదా."

సుత్తి మేస్త్రి కలగజేసుకున్నాడు. "మేస్త్రి గారూ, మీ మేలు కోరే..."

"నువ్వు సొట్టలు తీసుకో. ఇది నీ సుత్తికి అందే సొట్ట కాదు," అన్నాడు పెద్ద మేస్త్రి. గొంతు పెంచలేదు. ఆ వరసలో ఆయన గొంతు పెంచకుండా తిట్టింది ఆ రోజే.

"నీ మందు చెడ్డదని కాదన్నయ్యా," అన్నాడు చిన్న మేస్త్రి. "ఇనుముకు దాన్ని మించింది లేదు. కానీ ఈ పిన్నుకు రబ్బరుంది. ఆ నూనె తాగితే రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బి పట్టేస్తుంది. మొదటి ఏడాదే నీతో చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"చెప్తే పానా విసిరావు. ఆ తలుపు రేకు మీద గుంట చూడు, దానిదే. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. పన్నెండో నంబరు పానా కావాలంటే వేళ్ళు చూపించి అడిగావు."

పెద్ద మేస్త్రికి గుర్తుంది. అబద్ధం ఆడే మనిషి కాదాయన, మనసులో కూడా. తలుపు రేకు మీది గుంట వైపు చూశాడు.

"ఇంకోసారి చెప్పాల్సింది."

"ఇంకో పానా ఎవరు తింటారు?"

"అయితే ఆరేళ్ళు నాతో ఆడుకున్నావన్నమాట."

"ఆడుకోలేదన్నయ్యా. నీ పేరు కాపాడుకున్నాం."

పెద్ద మేస్త్రి రెండడుగులు వేసినవాడు ఆగాడు. కాపాడుకున్నాను అనలేదు వీడు. కాపాడుకున్నాం అన్నాడు.

"ఎవరెవర్రా?"

చిన్న మేస్త్రి చేతిలోని పిన్నును అటూ ఇటూ తిప్పాడు. మధ్యాహ్నం పన్నెండున్నర, మూడు గంటలు, వేడివేడి అన్నం, నడుం వాల్చడం - ఒకదాని వెనక ఒకటి పెద్ద మేస్త్రి తలలో వాటంతట అవే వరస కట్టాయి. మూసిన బండి మీద చెయ్యి పెట్టడానికి ఆయన్ను షెడ్డు నుంచి తప్పించాలి. తప్పించాలంటే ఇంట్లో మనిషి కావాలి.

ఇంటికి వెళ్ళేసరికి భార్య మంచం దగ్గర నిలబడి ఉంది. దిండు మీద తల గుంట అలాగే ఉంది, మనిషి లేడు. ఆయన మొహం చూడగానే ఆమెకు అర్థమైంది.

"ఇంటికొచ్చి తినమన్నది నువ్వా, వాడా?"

ఆమె దిండును రెండు చేతులతో సరిచేసింది. "మీ తమ్ముడు వచ్చి అడిగాడు. అన్నయ్యను ఓ రెండు గంటలు ఇంట్లో ఉంచు వదినా అన్నాడు. నాకు కూడా మీరు ఇంటికొచ్చి తింటే బాగుండుననిపించింది. రెండూ నిజమే."

"ఏది ఎంత నిజమో నేనెలా తెలుసుకునేది?"

"అన్నం వేడిగా పెట్టానా లేదా?"

"పెట్టావు. అదే కదా. చల్లన్నం పెట్టినా ఏదో ఉందని అనుమానం వచ్చేది."

సాయంత్రం కూతురు వచ్చింది. ఆమెకు తల్లి ముందే ఫోన్లో చెప్పేసింది. తండ్రి ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"మూడోసారికి లొంగింది నా చేతికేనా?"

"బాబాయ్ చేతికి నాన్నా. నాలుగోసారి వాసన వస్తే అటు తీసుకెళ్ళాను. నాకు తెల్లారే డ్యూటీ. దారిలో ఆగిపోతే ఎలా?"

"మరి నా చెయ్యి పడితే లొంగక ఏం చేస్తుందన్నావు?"

"ఆ రోజు నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. నా నోటికి ఇంకో మాట రాలేదు."

కూతురి తప్పేం లేదని ఆయనకు తెలుసు. భార్య తప్పు కూడా లేదు. తమ్ముడు రోజూ మధ్యాహ్నం అన్నం మానుకుని, చేసిన పనినే మళ్ళీ చేసి, ఒక్కరి దగ్గర కూడా నోరు జారలేదు. విడివిడిగా చూస్తే ముగ్గురూ మంచివాళ్ళే. కలిపి చూస్తేనే ఆయనకు లెక్క కుదరలేదు. ఆరేళ్ళుగా నలుగురి ముందూ చెయ్యెత్తి అన్న ఆ ఒక్క మాట అబద్ధం. ఆయన ఆడిన అబద్ధం కాదు. ఆయన చేత ఆడించిన అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడల్లా వెనక తమ్ముడు తల దించుకుని నిలబడేవాడు. అన్నయ్య అంటే గౌరవమనుకున్నాడు ఇన్నాళ్ళూ.

షెడ్డుకు వెళ్ళడం మానేశాడు. కానీ పనివాడు పనివాడే. కాలిపర్ పిన్నుల కొసలకుండే కొత్త రబ్బరు తొడుగులు రెండు, ఒకే కొలతవి, ఒకే కంపెనీవి తెప్పించాడు. రెండు గాజు గ్లాసులు తీసుకుని, ఒకదాంట్లో పెద్దమందు, ఒకదాంట్లో తెల్ల ట్యూబు గ్రీజు వేసి, రబ్బర్లను ముంచి, ఎండ తగిలే కిటికీలో పెట్టాడు. గ్లాసుల మీద కాగితం ముక్కలంటించి, తన ముత్యాల రాతతో 'నాది' అని ఒకదాని మీద, 'వాడిది' అని ఒకదాని మీద రాశాడు. రోజూ పొద్దున తీసి, తుడిచి, పిన్నుకు తొడిగి, పాత కాలిపర్ రంధ్రంలో దించి చూసేవాడు. భార్య ఆ గ్లాసుల జోలికి పోలేదు. నీళ్ళు తాగడానికి పక్కింటి నుంచి గ్లాసు అడిగి తెచ్చుకుంది.

తొమ్మిదో రోజుకు 'నాది' రబ్బరు ఇడ్డెనలా కాకపోయినా నానిన శనగగింజలా ఉబ్బింది. రంధ్రంలో సగం దాకా వెళ్ళి ఆగింది. 'వాడిది' మొదటి రోజు ఎలా ఉందో అలాగే జారింది. పెద్ద మేస్త్రి ఉబ్బిన రబ్బరును రెండు వేళ్ళ మధ్య చాలాసేపు నలిపాడు. మందు తప్పేనని ఆ క్షణమే ఒప్పుకున్నాడు. తొమ్మిది రోజుల్లో తేలే సంగతి. ఒక గ్లాసు, ఒక కిటికీ చాలు. ఆరేళ్ళలో ఏ ఒక్కరూ ఆయన ముందు రెండు గ్లాసులు పెట్టలేదు. పానా విసిరే మనిషి కూడా గ్లాసులోని రబ్బరును కాదనలేడు కదా. అదే ఆయనకు మింగుడుపడలేదు.

మరుసటి రోజు పొద్దున్నే కూతురికి ఫోన్ చేశాడు. సెలవు పెట్టి కారు తీసుకురమ్మన్నాడు. ఇంటికి కాదు, షెడ్డుకు.

సుత్తి మేస్త్రి సుత్తికి గుడ్డ చుట్టినట్టు మెల్లగా కొడుతున్నాడు. కూతురు కారు అప్పజెప్పి, మూడింటికి వస్తానని వెళ్ళింది. పెద్ద మేస్త్రి వెనక చక్రాలు రెండూ ఊడదీశాడు. తమ్ముడు పెట్టిన తెల్ల గ్రీజునంతా తుడిచేశాడు. రబ్బర్లు కొత్తవి వేశాడు. పిన్నులు తోమి, పిస్టన్ను తిప్పి దింపి, హ్యాండ్‌బ్రేకు లివరు పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో పదిసార్లు లాగి చూశాడు. అప్పుడు జేబులోంచి తెల్ల ట్యూబు తీశాడు, స్వయంగా కొనుక్కొచ్చింది. పల్చగా పూశాడు. మూశాడు. పెద్ద రోడ్డు దాకా వెళ్ళొచ్చి, అరచెయ్యి పెట్టి చూశాడు. మామూలు మాట అనలేదు.

పన్నెండున్నర అయింది. పెద్ద మేస్త్రి ఇంటికి వెళ్ళలేదు. పాత టైరు ఒకటి దొర్లించుకొచ్చి, కూతురి కారు వెనక చక్రం పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"అన్నం తినవా అన్నయ్యా?" అన్నాడు చిన్న మేస్త్రి.

"ఆకలి లేదు."

ఒంటిగంటకు భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది. ఆరేళ్ళ తర్వాత షెడ్డులోకి అన్నం రావడం అదే. మూత తీసింది. ఆయన చెయ్యి కడుక్కోలేదు. కడుక్కోవాలంటే కుళాయి దాకా వెళ్ళాలి, కుళాయి వెనక వైపుంది.

"నువ్వు వెళ్ళిరా అన్నయ్యా. నేను ముట్టుకోను," అన్నాడు చిన్న మేస్త్రి.

"ముట్టుకోవని నాకెలా తెలుస్తుంది?"

"చెప్తున్నాను కదా."

"ఆరేళ్ళు చెప్పలేదుగా."

చిన్న మేస్త్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొహం తిప్పుకుని, ఊరికే ఒక పానాను తుడవడం మొదలుపెట్టాడు. భార్య క్యారియరు మూతపెట్టి, టైరు మీద ఆయన పక్కనే కాస్త చోటు చేసుకుని కూర్చుంది. ఆయన జరిగి చోటిచ్చాడు గానీ ఆమె వైపు తిరగలేదు. మూడింటికి కూతురు వచ్చి బండి తోలుకుపోయేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

తర్వాత షెడ్డు మామూలుగానే నడిచింది. పెద్ద మేస్త్రి రోజూ వెళ్ళాడు, తెల్ల గ్రీజే పెట్టాడు, తమ్ముడితో మాట్లాడాడు. పనికి కావలసినంత. గోడ మీది ప్రశంసాపత్రాన్ని తీసెయ్యలేదు. తీస్తే ఎందుకు తీశావని నలుగురూ అడుగుతారు.

రెండు నెలల పది రోజులకు, ఒక మధ్యాహ్నం కూతురు ల్యాబు నుంచి నేరుగా వచ్చి ఇంటి ముందు కారు ఆపింది. ఆయన ఆ రోజు కోసమే లెక్కపెట్టుకుని, ఇంటి దగ్గరే ఉన్నాడు. తన మందయితే ఈపాటికి పట్టేసి ఉండాలి. వెళ్ళి, వంగి, ఎడమ చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. కుడి చక్రం చూశాడు. అదీ చల్లగా ఉంది. ఒక్క క్షణం ఆయన మొహంలో పాత వెలుగు వచ్చింది. ఆ వెంటనే కూతురి వైపు చూశాడు.

"ఈ మధ్య ఎవరైనా విప్పారా దీన్ని?"

"లేదు నాన్నా."

"బాబాయ్?"

"ఒట్టు. ఎవరూ ముట్టుకోలేదు. ఇది నువ్వు చేసిందే." నవ్వింది. నిజం చెప్పినా ఆ పిల్ల నవ్వు అలాగే ఉంటుంది, చెప్పకపోయినా అలాగే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

పెద్ద మేస్త్రి కళ్ళద్దాలు సవరించుకుని చక్రం సందుల్లోంచి లోపలికి చూశాడు. నట్ల అంచుల మీద కొత్త గీత ఉందేమో, దుమ్ము మీద వేలి ముద్ర ఉందేమో, ఎక్కడైనా తుడిచిన జాడ ఉందేమో వెతికాడు. ఏమీ కనబడలేదు. కనబడకపోవడం ఆయనకు ఏమీ చెప్పలేదు. చెయ్యి పెట్టిన జాడ తెలియకుండా పని చెయ్యడం తమ్ముడికి నేర్పింది తనే.

"లోపలికి రా నాన్నా, అమ్మ వడ్డించేసింది," అంది కూతురు గుమ్మంలోంచి.

"నువ్వు తిను. వస్తాను," అని, ఆయన మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, రెండో వైపు నుంచి చూడడానికి కారు చుట్టూ తిరిగి వెళ్ళాడు.